మర కొనేముందు కల్లం కొలుచుకోండి
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

రాయగడ, గజపతి, కొరాపుట్, గంజాం జిల్లాల తెలుగు పాఠకుల నుంచి అపరాలు, చిరుధాన్యాల మరల గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం. అడిగిన విషయాలు చాలావరకు ఒకటే కాబట్టి మొదటి జవాబు పెద్దదైంది.

ప్రశ్న: మాది గుణుపురం దగ్గర పల్లె. కందులు ఊళ్లోనే దొరుకుతాయి. అన్నదమ్ములం ఇద్దరం కలిసి చిన్న పప్పు మిల్లు పెడదామనుకుంటున్నాం. గంటకు 100 కేజీలు ఆడే మిషన్ చూశాం. రోజుకు 8 క్వింటాళ్లు ఆడొచ్చని అమ్మేవాడు అంటున్నాడు. నిజమేనా? ఎంత మిగులుతుంది?

8 క్వింటాళ్లు పడవు. గంటకు 100 కేజీలన్నది ఒక్కసారి పోసి తీసే లెక్క. కంది ఒక్క దెబ్బకు పొట్టు వదిలే గింజ కాదు. పొట్టుకీ పప్పుకీ మధ్య జిగురు పొర ఉంటుంది. శనగ, బఠాణీ సులువుగా వదులుతాయి. కంది, మినుము, పెసర మాత్రం మొండివి. మొదటి విడతలో సగం గింజలు పొట్టు వదిలితే అదే గొప్ప. మిగతావి మళ్లీ తడిపి, ఎండబెట్టి, రెండోసారీ మూడోసారీ పొయ్యాలి. ఇవన్నీ కలుపుకుంటే 8 గంటల రోజుకు 3 క్వింటాళ్ల కందులు పూర్తిగా పప్పయితే బాగా ఆడినట్టే.

అసలు చూసుకోవాల్సింది మోటారు కాదు, కల్లం. ఒక క్వింటాలుకు పని ఇలా సాగుతుంది. ముందు జల్లెడ పట్టి మట్టి, పుల్ల, తాలు తీసేసి, గింజల్ని పెద్దవీ చిన్నవీ రెండు రకాలుగా విడగొట్టాలి. తర్వాత ఎమరీ (గరుకు రాతి పూత) రోలరులో వేగంగా ఒకసారి పోనివ్వాలి. ఇక్కడ పొట్టు ఊడక్కర్లేదు, గీతలు పడితే చాలు. గీతలు పడకపోతే పోసిన నూనె పైపైనే జారిపోతుంది. ఆ గింజలకు క్వింటాలుకు 300 నుంచి 500 గ్రాముల తినే నూనె చేత్తో బాగా పట్టించి, రాత్రంతా గోనె కప్పి కుప్పగా ఉంచాలి. మర్నాటి నుంచి రెండు రోజులు ఎండ. సాయంత్రం అయ్యేసరికి కుప్ప చేసి టార్పాలిన్ కప్పాలి. రెండో సాయంత్రం క్వింటాలుకు 2 నుంచి 5 లీటర్ల నీళ్లు చిలకరించి, కలియబెట్టి, మళ్లీ రాత్రంతా కుప్పలో మగ్గనివ్వాలి. తర్వాత ఒకటి రెండు రోజుల ఎండ. పగలు ఎండి, రాత్రి తడి లోపలికి దిగి, మళ్లీ ఎండితేనే జిగురు వదులుతుంది. గింజలో తేమ 9, 10 శాతానికి దిగినప్పుడు మరలో పొయ్యాలి.

అంటే ఒక్కో ఆట (ఒక విడతలో ఆడే) సరుకు నాలుగు రోజులు కల్లంలో ఉంటుంది. రోజుకు 3 క్వింటాళ్లు ఆడాలంటే ఎప్పుడు చూసినా 12 క్వింటాళ్లు ఆరుతూ ఉండాలి. కందిని 4 సెంటీమీటర్ల మందాన పరిస్తే చదరపు మీటరుకు సుమారు 30 కేజీలు పడుతుంది. లెక్క ప్రకారం 40 చదరపు మీటర్లు, అంటే 430 చదరపు అడుగులు. నడిచే దారి, రెండో విడతకు తడిపిన గింజలు కలుపుకుని 600 అడుగుల సిమెంటు కల్లమో డాబానో లేకపోతే మర సగం రోజులు ఖాళీగా ఉంటుంది. మందంగా పోస్తే పైన ఎండుతుంది, కింద పచ్చిగా ఉంటుంది. పలచగా పోసి గంటకోసారి కాలితో చాళ్లు తియ్యండి. వానాకాలంలో ఈ పని సాగదు. ఆ నెలలకు పిండి మర పని ఏదో ఒకటి ముందే చూసుకోవాలి.

ఇక మిగులు. గింజలో పొట్టు 12 నుంచి 15 శాతం వరకు ఉంటుంది. పోయేదంతా పొట్టే అయితే 85 కేజీల పప్పు రావాలి, ఎక్కడా రాదు. జాగ్రత్తగా ఆడిన చిన్న మిల్లులో 70 నుంచి 75 మధ్య వస్తుంది. 2025–26కి కంది మద్దతు ధర క్వింటాలుకు 8,000 రూపాయలు. దాని మీద నూనె, కరెంటు, కూలి, మోత 500 వేసుకుందాం. 100 కేజీల్లో 2 కేజీలు చెత్త, 2 కేజీలు తేమ పోగా 72 పప్పు, 6 నూక, 18 పొట్టూ పొడీ వచ్చాయనుకోండి. నూక కేజీ 50కి, పశువుల మేతకు పొట్టు 20కి పోతే 660 రూపాయలు తిరిగొస్తాయి. పప్పు అసలు ఖర్చు కేజీకి 109 రూపాయలు పడింది. అదే సరుకు పచ్చిగా ఆడి 66 పప్పు, 10 నూక, 20 పొట్టూ పొడీ వస్తే ఖర్చు 115. కేజీకి 6 రూపాయలు ఎండబెట్టడంలోనే పోయాయి. నూక, పొట్టు ధరలు మేం లెక్క కోసం వేసినవే. మీ సంత ధరలు పెట్టి ఈ లెక్క మీరే ఒకసారి వేసుకోండి.

కొనేటప్పుడూ తేమే చూడాలి. 14 శాతం తేమ ఉన్న 100 కేజీలు 10 శాతానికి ఎండితే 95.6 కేజీలు అవుతాయి. తగ్గిన 4.4 కేజీలకు 80 చొప్పున 350 రూపాయలు ఇచ్చి నీళ్లు కొన్నట్టే. తేమ మీటరు ఒకటి తప్పకుండా కొనండి. మీటరు లేని రోజు పంటి కింద పెట్టి చూడండి. టక్కున రెండు ముక్కలైతే ఎండింది, నలిగి పంటికి అంటితే ఎండలేదు.

ఒక మాట చెప్తాం, నచ్చకపోవచ్చు. మొదటి సీజను సొంతంగా కందులు కొనకండి. ఊరివాళ్ల కందులు కూలికి ఆడండి. 30 క్వింటాళ్లు కొని పెట్టాలంటేనే 2 లక్షల 40 వేలు కావాలి. చేతి కింద పని కుదరని మొదటి నెలల్లో నూకైపోయేది ఆ డబ్బే. కూలి ఆటలో తగాదా వచ్చేది తూకం దగ్గర. తెచ్చినప్పటి బరువు, తేమ చీటీ మీద రాసి ఇవ్వండి. ఒకరి సరుకు తీశాక మరలో రెండు మూడు కేజీలు నిలిచిపోతాయి కాబట్టి మరీ చిన్న మూటలు విడిగా ఆడొద్దు.

ప్రశ్న: మా పప్పు మీద కన్ను దగ్గర పొట్టు మచ్చలా ఉండిపోతోంది. అది పోవాలని రోలరు బిగిస్తే నూక పెరుగుతోంది. మిషన్ లోపమా? (పర్లాకిమిడి)

చాలావరకు మిషన్ లోపం కాదు. మచ్చ ఉండిందంటే నూనె లోపలికి దిగలేదు, లేదా మగ్గిన రాత్రి చాలలేదు. బిగిస్తే ఆ మచ్చతో పాటు పప్పు అంచులూ అరిగి పొడిలోకి పోతాయి. పొడి లేత పసుపుగా, పిండిలా రాలుతుంటే రోలరు పప్పును తింటోందని అర్థం. పొడి ఎర్రగా, పొలుసులుగా ఉండాలి. రోలరు కింద ఒక పళ్లెం పెట్టి అరగంటకోసారి ఆ పొడిని వేళ్లతో నలిపి చూడటం అలవాటు చేసుకోండి.

పెద్దవీ చిన్నవీ కలిపి పోస్తే చిన్నవి పొట్టుతో జారిపోతాయి, పెద్దవి పగులుతాయి. రెండు రకాలుగా వేరు చేసి, చిన్నవి ఆడేటప్పుడు మాత్రమే రోలరు సందు తగ్గించండి. మధ్యాహ్నం ఎండలోంచి తీసిన కాలే గింజను వెంటనే పోసినా, 8 శాతం కంటే దిగేలా ఎండబెట్టినా పప్పు పెళుసై విరుగుతుంది. ఒక గంట నీడన చల్లారనివ్వండి.

ఇవన్నీ సరిగా ఉన్నా మచ్చలు పోకపోతే అప్పుడు ఎమరీ చూడండి. చేత్తో తడిమితే గరుకు తగలాలి. నున్నగా ఉంటే రాయి అరిగింది, మళ్లీ పూత వేయించాలి. బెల్టు వదులై రోలరు వేగం తగ్గినా ఇదే లక్షణం కనిపిస్తుంది. బెల్టు బిగించడానికి పైసా ఖర్చు లేదు కాబట్టి ముందు అది చూడండి.

మన వైపు కొందరు కందుల్ని నీళ్లలో నానబెట్టి, ఎర్రమట్టి పట్టించి, ఎండబెట్టి ఆడతారు. ఆ పప్పు మధ్యలో గుంట పడి ఉంటుంది. రుచి బాగుంటుందని అడిగి కొనేవాళ్లున్నారు. ఉడకడం ఆలస్యం. మట్టి పూర్తిగా వదిలించడం కష్టం, కల్లంలో రోజులూ ఎక్కువే. అమ్మకానికైతే నూనె పద్ధతే మేలు.

ప్రశ్న: మేం రాయగడలో పది మంది ఆడవాళ్ల సంఘం. చోళ్లు (రాగులు) ఆడించి పిండి, అంబలి పొడి అమ్ముతున్నాం. పిండిలో ఇసుక తగులుతోందని దుకాణాల వాళ్లు తిప్పి పంపుతున్నారు. జల్లెడ ఎంత సన్నం చేసినా పోవడం లేదు.

అది జల్లెడతో పోదమ్మా. మట్టి కల్లంలోనో రోడ్డు మీదో నూర్చిన చోళ్లలో గింజంత రాయే ఉంటుంది. జల్లెడ చూసేది పరిమాణాన్ని. ఒకే పరిమాణంలో ఉన్న రాయినీ గింజనీ విడదీసేది బరువు. దానికి రెండు దారులు.

రోజుకు 50 కేజీల లోపైతే గాలించండి. వెడల్పాటి గిన్నెలో నీళ్లు పోసి, చోళ్లు కొద్దికొద్దిగా వేసి తిప్పుతూ పై గింజను వేరే గిన్నెలోకి వంచుకుంటూ పోతే రాయి అడుగున మిగులుతుంది. తర్వాత పలచగా పరిచి పూర్తిగా ఎండబెట్టాలి. ఎండీ ఎండనట్టు ఆడితే పిండి ఉండలు కట్టి, వారంలో ముక్కిన వాసన వేస్తుంది.

అంతకు మించితే డీస్టోనర్ కావాలి. వాలుగా ఉన్న జాలీ బల్ల ఊగుతుంటుంది, కింద నుంచి గాలి కొడుతుంది. తేలికైన గింజ గాలికి తేలి కిందికి జారుతుంది. బరువైన రాయి జాలీని పట్టుకుని, ఊపుకు పైకి ఎక్కి పై అంచు నుంచి పడుతుంది. పిండిలో ఇంకా రాయి వస్తుంటే గాలి ఎక్కువైంది, లేదా ఒకేసారి ఎక్కువ పోస్తున్నారు. రాళ్ల వైపు మంచి గింజ పోతుంటే గాలి చాలడం లేదు. బల్ల మీద గింజ అంతటా సమానంగా పరుచుకోవాలి. ఎక్కడైనా ఖాళీ ఉంటే గాలంతా అక్కడినుంచే పోయి మిగతా చోట గింజ కదలదు. జాలీ కన్నాలు రోజూ బ్రష్షుతో శుభ్రం చెయ్యండి. డీస్టోనరులో పొయ్యకముందు జల్లెడ పట్టి పుల్లలూ దుమ్మూ తియ్యాలి, ఒకటి చేసే పని ఇంకొకటి చెయ్యదు.

దుకాణానికి పంపేముందు గాజు గ్లాసు నిండా నీళ్లలో రెండు చెంచాల పిండి కలిపి, నిదానంగా వంచెయ్యండి. అడుగున ఏం మిగిలిందో వెలుతురులో చూడండి. ప్రతి ఆటకూ ఇది చేస్తే తిప్పి పంపే మాట రాదు.

ఇంకో తప్పు కూడా మీ ఉత్తరంలో కనిపించింది. మరలోంచి వచ్చిన పిండిని వెంటనే కవర్లలో కట్టేస్తున్నామని రాశారు. వేడి పిండి కవరు లోపల చెమట పట్టిస్తుంది, అక్కడే ఉండలు, బూజు మొదలవుతాయి. స్టీలు పళ్లాల్లో పలచగా పోసి, పైన పలచటి గుడ్డ కప్పి, చెయ్యి పెడితే చల్లగా తగిలేదాకా ఆగండి. మొలకల అంబలి పొడికి చోళ్లు ఒక రాత్రి నానబెట్టి, గుడ్డలో కట్టి ఒకటి, ఒకటిన్నర రోజు మొలకెత్తించి, ఎండబెట్టి, మొలకలు రాపాడించి తీసెయ్యాలి. ఆ మొలకల వల్లే చేదు వస్తుంది. తర్వాత దోరగా వేయించి ఆడాలి. ముసురు పట్టిన రోజుల్లో మొలకల జోలికి పోకండి.

ధర విషయం. ఒడిశాలో 2017లో మొదలైన మిల్లెట్ మిషన్ అనే చిరుధాన్యాల పథకంలో మొదటి విడత ఏడు జిల్లాల్లో మీ రాయగడ ఒకటి. ప్రభుత్వం మద్దతు ధరకు మాండియా (చోళ్లు) కొంటోంది, 2025–26కి క్వింటాలు 4,886 రూపాయలు. పంట వచ్చిన నెలలో చవగ్గా దొరుకుతాయనుకుని లెక్క వేసుకోవద్దు. మీకు తక్కువకు వచ్చేది కొనుగోలు కేంద్రంలో చెత్త ఉందని తిప్పి పంపిన సరుకే అయ్యుంటుంది. డీస్టోనర్ ఉంటే అది మీకు లాభం, లేకపోతే తలనొప్పి.

ప్రశ్న: కందితో పాటు మినుములూ పెసలూ అదే మరలో ఆడొచ్చా? (బరంపురం)

ఆడొచ్చు, సెట్టింగు మార్చుకుంటూ. మినుముకు జిగురు ఇంకా ఎక్కువ. నూనె అర కేజీ దాకా, ఎండ మరో రోజు పడుతుంది. కొత్తవాళ్లు ఛాయ మినపపప్పుతో మొదలుపెట్టకండి. ఎండిన మినుముల్ని బద్దలు చేసి పొట్టుతోనే అమ్మితే నష్టం తక్కువ. వడియాలకీ, పిఠా అనే ఒడియా పిండివంటకీ పొట్టు మినపపప్పు తీసుకునేవాళ్లు మీ వైపు ఉంటారు. నానబెడితే పొట్టు ఇంట్లోనే వదులుతుంది. పెసర పొట్టు పలచన, పప్పు మెత్తన. సందు ఎక్కువ ఉంచి, రెండు మూడు మెల్లని విడతల్లో తియ్యండి. బిగిస్తే పచ్చపొడే మిగులుతుంది.

ప్రశ్న: మా ఊళ్లో సింగిల్ ఫేజే. మర నడుస్తుందా?

3 హెచ్‌పీ దాకా సింగిల్ ఫేజు మోటార్లు దొరుకుతాయి. గంటకు 100 కేజీల పప్పు మరకు అది సరిపోతుంది. 8 గంటలకు 18 నుంచి 20 యూనిట్లు కాలుతుంది. పిండి మర, డీస్టోనర్ కలిపి ఒకేసారి నడపాలంటే త్రీ ఫేజు తీసుకోవాల్సిందే. సాయంత్రం దీపాల వేళ ఓల్టేజీ కొలవండి. 180కి పడిపోయే ఊళ్లో మోటారు వేడెక్కి చుట్టలు కాలిపోతాయి, రోలరు వేగం తగ్గి పొట్టు వదలదు. పగలే ఆడండి. స్టార్టరులో ఓవర్‌లోడ్ రిలే (భారం ఎక్కువైతే మోటారును ఆపేది) పెట్టించండి. బెల్టుకు జాలీ కప్పు లేకుండా ఒక్క రోజు కూడా నడపొద్దు, పంచె కొంగైనా చీర కొంగైనా లాగేస్తుంది. ముక్కుకు గుడ్డ చాలదు, దుమ్ము మాస్కు పెట్టుకోండి.

ప్రశ్న: కొన్నప్పుడు శుభ్రంగా ఉన్న కందులు నెల తిరిగేసరికి కన్నాలు పడుతున్నాయి. బిళ్లలు పెట్టమంటున్నారు.

పురుగు మీ గోదాములో పుట్టింది కాకపోవచ్చు, చాలావరకు చేలోంచే వస్తుంది. కాయ మీదా గింజ మీదా తెల్లని చుక్కల్లా గుడ్లు పెడుతుంది. పిల్ల గింజ లోపలే తిని పెరిగి, సుమారు నెలకు గుండ్రటి కన్నం చేసుకుని బయటికొస్తుంది. కొనేటప్పుడు గుప్పెడు గింజలు నల్లగుడ్డ మీద పోసి తెల్లచుక్కలు వెతకండి. పొట్టు తీసిన పప్పును ఈ పురుగు పెద్దగా పట్టదు. కాబట్టి కందులుగా నిలవ పెట్టకండి, వచ్చిన నెలలోపే పప్పు చేసెయ్యండి. నిలవ తప్పదంటే 10 శాతానికి ఎండబెట్టి గోనె లోపల పెట్టే గాలి చొరని సంచుల్లో పోసి మూతి మెలిపెట్టి కట్టండి. గాలి లేక పురుగు చస్తుంది. మధ్యలో విప్పి చూస్తూ ఉంటే ప్రయోజనం లేదు. బస్తాలు చెక్క బల్లల మీద, గోడకు రెండడుగుల ఎడంగా పెట్టండి. పాత గోనెలు మరిగే నీళ్లలో ముంచి ఎండబెట్టాకే వాడండి.

బిళ్లలంటే అల్యూమినియం ఫాస్ఫైడ్. అందులోంచి వచ్చే వాయువుకు మనిషి ప్రాణం పోతుంది. పడుకునే ఇంటిని ఆనుకున్న గదిలో వాటిని వాడొద్దు. శిక్షణ పొందినవాళ్లు, సీలు వేసిన గోదాముల్లో చేసే పని అది.

ప్రశ్న: మా పప్పు, పిండి పాతపట్నం, పార్వతీపురం దుకాణాలకు వేద్దామనుకుంటున్నాం. రాష్ట్రం దాటితే ఏం కాగితాలు కావాలి? సబ్సిడీ ఏమైనా ఉందా?

ముందు ఆహార భద్రత సంస్థ రిజిస్ట్రేషన్. అమ్మకాలు పెరిగితే లైసెన్సు. దాని 14 అంకెల నంబరు పొట్లం మీద ఉండాలి. జీఎస్టీలో మెలిక ఇదీ. 18 జూలై 2022 నుంచి 25 కేజీల దాకా ముందే కట్టి, పేరూ తూకం ముద్రించిన పప్పు, పిండికి 5 శాతం పన్ను. విడిగా తూచి అమ్మే పప్పుకు లేదు. మీ రాష్ట్రంలోనే అమ్మితే ఏడాదికి 40 లక్షల దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ పన్ను పడే పొట్లం సరిహద్దు దాటిందంటే ఆ మినహాయింపు వర్తించదు. అమ్మకం ఎంత తక్కువైనా రిజిస్టర్ కావాలి. పాతపట్నం పర్లాకిమిడికి పక్కూరే కావచ్చు, పన్ను లెక్కలో వేరే రాష్ట్రం. అందుకే మొదట్లో సొంత జిల్లా సంతలే చూసుకోండి.

పొట్లం మీద తయారీదారు పేరు, చిరునామా, నికర తూకం, తయారైన నెల, అన్ని పన్నులతో కలిపిన ధర, ఫిర్యాదుకు ఫోను నంబరు, ఆకుపచ్చ చుక్క ఉండాలి. 500 గ్రాముల పొట్లమైతే గ్రాముకు ఎంత పడుతుందో కూడా రాయాలి. మెరుపు కోసం రంగు కలిపితే కల్తీ కేసే. ఎవరైనా లంకపప్పు (ఖేసరి) కలిపిన కందిపప్పు చవగ్గా తెచ్చి ఇస్తే దగ్గరికి రానివ్వకండి.

2020లో మొదలైన కేంద్ర సూక్ష్మ ఆహారశుద్ధి పథకంలో ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల సబ్సిడీ ఉంది. మీ వాటా కనీసం 10 శాతం. ఇది బ్యాంకు రుణంతో ముడిపడింది. చేతి డబ్బుతో మిషన్ కొనేసి తర్వాత వెళితే రాదు. సబ్సిడీ చేతికీ ఇవ్వరు. రుణ ఖాతా మూడేళ్లు సక్రమంగా నడిస్తే అందులో జమ కడతారు. కొత్త దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో బ్యాంకులో తేల్చుకున్నాకే కొటేషన్లు తెచ్చుకోండి.

ప్రశ్న: సామలు వడ్ల మరలో ఆడిస్తే సగం పొట్టుతోనే వస్తున్నాయి. (జయపురం)

రబ్బరు రోలర్ల సందులోంచి సామ జారిపోతుంది, అంత చిన్న గింజ. గింజను విసిరి గోడకు కొట్టే హల్లర్ కావాలి. పచ్చిగా ఉంటే కొట్టినా పొట్టు విడవదు, మరీ ఎండితే నూక. 10, 12 శాతం తేమలో ఆడి, గాలికి పొట్టు ఎగరేసి, విడవని గింజను జల్లెడతో వేరు చేసి మళ్లీ పొయ్యండి. 100 కేజీలకు 60 నుంచి 70 కేజీల బియ్యం వస్తాయి. తవుడు ఉన్న సామబియ్యం వేసవిలో త్వరగా ముక్కిన వాసన పడుతుంది, పది పదిహేను రోజుల అమ్మకానికి సరిపడానే ఆడుకుంటూ ఉండండి.